ఎవరూ ఆపని చోట ఆగాం

మొన్న మా చెల్లెలు ఢిల్లీ నుంచి వస్తుందని శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళాను. విమానం ఆలస్యమని తెలిసి, కార్లు కిరాయికిచ్చే కౌంటరు పక్కన ఒక కుర్చీలో కూలబడ్డాను. అక్కడ ఒక జంట, కారు ఇక్కడ తీసుకుని బెంగళూరులో వదిలేయవచ్చా, రాష్ట్రం దాటేచోట ఎక్కడైనా ఆగి కాగితాలు చూపించాలా అని అడుగుతున్నారు. కౌంటరులోని అమ్మాయి తల కూడా ఎత్తకుండా, ఎక్కడా ఆగే పని లేదండీ, నేరుగా వెళ్ళిపోండి అంది. పదిహేనేళ్ళకు పైగా నేను మోస్తున్న ఫిర్యాదంతా ఆ ఒక్క మాట గురించే. ఆ మాట ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు.

మీలో కాటేదాన్‌లో పనిచేసినవాళ్ళుంటే ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రేకుల షెడ్డు, లేతు మిషన్ల మోత, చొక్కా మడతల్లో మెరుస్తూ ఇంటిదాకా వచ్చే ఇత్తడి రజను. మాదీ అలాంటి ఒక షెడ్డే, పదకొండు మంది పనివాళ్ళు. నాది గుంటూరు వైపు. నా భాగస్తుడు శంషాబాద్‌లోనే పుట్టి పెరిగిన ముస్లిం, అంతకు ముందు లారీలు నడిపినవాడు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, వయసులో పెద్దవాణ్ణని ఆయన నన్ను అన్నా అనేవాడు. మిషన్లు ఆయన చూసుకునేవాడు, కాగితాలు నేను.

ఒకసారి కర్ణాటక సరిహద్దు చెక్‌పోస్టులో, ఒక కాగితం మీద ముద్ర లేదని మా సరుకును మూడు రోజులు ఆపేశారు. భాయ్ లారీ కింద చాప పరుచుకుని కాపలా ఉన్నాడు. నేను బస్సులో పరుగెత్తుకుంటూ వెళితే, అక్కడి అధికారి నా ముఖం చూడకుండా నా కాగితాన్ని బల్ల మీదకు విసిరాడు. ఆ విసిరిన తీరు నేను ఈనాటికీ మరిచిపోలేదు. ముద్ర లేకుండా ఏ సరిహద్దూ దాటనని ఆనాడే అనుకున్నాను.

తర్వాత రెండేళ్ళకు మా పని బాగా పడిపోయింది. నెలలో సగం రోజులు మిషన్లు కప్పే ఉండేవి. అలాంటప్పుడు ఇటలీలో వెరోనా ఊరి దగ్గర ఒక కంపెనీ మా ఇత్తడి నాజిళ్ళు చూస్తానంది. ఆగస్టులో వాళ్ళు మూడు వారాలు ఫ్యాక్టరీ మూసేస్తారట, మూసే రోజు మధ్యాహ్నం పన్నెండులోపు నమూనాలు చేతికిస్తేనే మమ్మల్ని లెక్కలోకి తీసుకుంటామన్నారు. ఆ ఆర్డరు వస్తే షెడ్డు నిలుస్తుంది, రాకపోతే లేదు. అంత స్పష్టంగా ఉంది మా పరిస్థితి. నమూనాలను భాయ్ తన లుంగీలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. అప్పటికి కొత్తగా తెరిచిన ఇదే విమానాశ్రయం నుంచి బయల్దేరి, టికెట్టు చవకని జర్మనీలో మ్యూనిక్‌లో దిగాం. అక్కడి నుంచి రైలు అనుకున్నాం. దిగేసరికి రైళ్ళ సమ్మె.

ఇక మిగిలింది కిరాయి కారు. జర్మనీలో తీసుకుని ఇటలీలో వదిలేయడం, మధ్యలో ఆస్ట్రియా. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ నా ఒక్కడికే ఉంది కాబట్టి కారు నా పేరు మీదే ఇచ్చారు. కౌంటరులోని ఆవిడ నా పర్మిట్ తిప్పి తిప్పి చూసి, లోపలున్న మరొకతన్ని పిలిచింది. ఇద్దరూ కలిసి నా ఫొటోను, నా ముఖాన్ని మార్చి మార్చి చూశారు. ఏయే దేశాలు దాటుతారని అడిగి ఒక ఫారం మీద మూడు గళ్ళలో గుర్తు పెట్టింది. దాటేచోట ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

ఫ్యాక్టరీ మూసే రోజు తెల్లవారుజామున బయల్దేరాం. కుడివైపు నడపడం అలవాటు లేక రోడ్డు అంచు గీత వదలకుండా నడిపాను. గంటకు పైగా నడిపాక, నీలం పలక మీద నక్షత్రాల మధ్య ఆస్ట్రియా పేరు కనిపించింది. పక్కన పాత రేకుల కప్పు, దాని కింద ఖాళీ గదులు. మనిషి లేడు, గేటు లేదు. నేను కారు పక్కకు తీసి ఆపేశాను.

“ఏందన్నా, ఆపినవ్?” అన్నాడు భాయ్.

ముద్ర వేయించాలన్నాను. ఆయన చుట్టూ చూశాడు.

“ఈడ ఎవడు లేడన్నా. జర చూడు, బండ్లన్ని ఆగకుండ పోతున్నయ్. పోదాం పద.”

వాళ్ళు ఈ దేశం వాళ్ళు, మనం సరుకుతో ఉన్నాం, ముందు ఎక్కడో పట్టుకుంటే సరుకూ పోతుంది, కారూ పోతుంది అన్నాను. మూడు రోజులు లారీ కింద పడుకున్నది నువ్వే కదా అని కూడా అన్నాను. పక్క ఊళ్ళోకి దిగి, ఏదో ప్రభుత్వ ఆఫీసు ముందు అది తెరిచేదాకా నిలబడ్డాం. భాయ్ నిమిషానికోసారి గడియారం చూసుకుంటున్నాడు, నేను కాగితాల కట్ట గుండెకు ఆనించుకుని ఉన్నాను. చివరికి ఒక పోలీసాయన మా కాగితాలు చూసి, నవ్వి, చేత్తో పొండి పొండి అని సైగ చేశాడు. గంటన్నర పోయింది.

ఆ తర్వాత కొండల మధ్య నడిపిన ఆ దారి గురించి నాకేమీ గుర్తులేదు, కారులోని గడియారం తప్ప. ఇటలీ సరిహద్దులోనూ ఎవరూ లేరు. ఈసారి ఆగలేదు. ఫ్యాక్టరీ ముందుకు చేరేసరికి పన్నెండున్నర. గేటుకు తాళం. లోపల చెట్ల కింద ఒక్క కారు కూడా లేదు. నేను గేటు ఊచలు పట్టుకుని పిచ్చివాడిలా ఊపాను, తెలుగులోనే అరిచాను. భాయ్ లుంగీ విప్పి ఒక నాజిల్ తీసి గేటు పక్క గోడ మీద పెట్టాడు. పెట్టి, నా వైపు చూసి నవ్వాడు.

“కాయితాలన్ని పక్కాగున్నయ్ అన్నా. టైమే లేకపాయె.”

ఆ నవ్వును నేను క్షమించలేదు. తిరిగి వచ్చాక ఆ కార్ల కంపెనీకి పేజీలకు పేజీలు ఫిర్యాదులు రాశాను. అసౌకర్యానికి చింతిస్తున్నామని మూడుసార్లు ఒకే జవాబు వచ్చింది. ఏడాది తిరక్కుండా షెడ్డు మూతపడింది. పనివాళ్ళు అమ్మేసిన మిషన్లను లారీలోకి ఎక్కిస్తున్న రోజున ఒకడు ఎందుకిట్లయిందని అడిగితే, రైళ్ళు బంద్ పెట్టిన్రు, ఏం జేస్తం, నసీబు అన్నాడు భాయ్. నేను పక్కనే ఉన్నాను. నా పేరు ఎత్తలేదు. తర్వాత రెండుసార్లు మా ఇంటికి వచ్చాడు. లేనని చెప్పించాను.

ఇప్పుడు ఆయనకు సాతంరాయి దగ్గర హైవే మీద టైర్ల దుకాణం ఉంది. మొన్న చెల్లెలితో తిరిగి వస్తూ అటువైపు చూశాను. గోరింటాకు పెట్టిన గడ్డంతో స్టూలు మీద కూర్చుని, ఎవరితోనో ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. డ్రైవర్ని కారు మెల్లగా పోనివ్వమన్నాను. చెల్లెలు, ఆపించనా అన్నయ్యా అంది. వద్దన్నాను.

మనవైపు కూడా సరుకు లారీలను ఆపి ముద్రలు కొట్టే ఆ చెక్‌పోస్టులు ఎత్తేశారు. కాగితాలు ఫోనుల్లోకి వెళ్ళిపోయాయి. ఇప్పటివాళ్ళకు సరిహద్దంటే దారి పక్కన ఒక పలక, అంతే. ఆ మ్యూనిక్ కౌంటరులోని ఆవిడ చెప్పలేదు, చెప్పలేదు అని ఇన్నేళ్ళు అందరికీ చెప్పుకున్నాను. చెప్పినవాడు నా పక్క సీట్లోనే ఉన్నాడు. పోదాం పద అన్నాడు. ఆ మాట నాతో అనేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.