బాపును పెప్టైడ్ చేసిన ఆదివారం

సూరత్‌లో బయోకెమిస్ట్రీ పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో, నా ప్రొటీన్, దానికి అతుక్కోవాల్సిన చిన్న పెప్టైడ్ ఆరు నెలల పాటు ఒకే గాజు గొట్టంలో ఉంటూ ఒకదాన్నొకటి పట్టించుకోలేదు. చివరికి మా గైడ్ మేడమ్, "ఉత్త నీళ్లలో ఎందుకు వేస్తున్నావు? కణంలో ఆ ప్రొటీన్ ఉండేది కొవ్వు పొరలో కదా," అన్నారు. లిపిడ్లతో సన్నటి పొర చేసి, ప్రొటీన్‌ను అందులో నిలబెట్టాను. ఆ మధ్యాహ్నమే పెప్టైడ్ వచ్చి అతుక్కుంది.

ఆ సంబరంతో ఊరి చివర డిండోలి పేటలోని మా ఇంటికొచ్చి చెబితే, జీవితమంతా మరమగ్గాల మీద పనిచేసిన బాపు పెదవి విరిచాడు.

"ఒక్క గొట్టంలనే ఉన్నయి గద బిడ్డా. కల్వనీకి ఏం రోగమొచ్చె? నడుమ కొవ్వు ఎందుకు?"

నాకు పౌరుషం వచ్చింది. ఆదివారం పొద్దున్నే అమ్మానాన్నలను డాబా మీదికి తీసుకెళ్లి ఇద్దరి కళ్లకూ చున్నీలు కట్టాను. అమ్మ ప్రొటీన్, చెయ్యి చాచి నిలబడాలి. బాపు పెప్టైడ్, వెతుక్కుంటూ వెళ్లి ఆ చెయ్యి పట్టుకోవాలి. పిట్టగోడ ఛాతీ ఎత్తుంది కాబట్టి భయం లేదు.

బాపు మొదట నీళ్ల ట్యాంకును గుద్దుకుని, "మాఫ్ కర్నా భాయ్," అన్నాడు. తీగ మీది దుప్పటిని కాసేపు తడిమి వదిలేశాడు. పక్కింటి గుజరాతీ ఆంటీ ఎండబెట్టిన అప్పడాల మీదుగా పటపటమని నడిచాడు. ఒకసారి అమ్మ దాకా వచ్చాడు కూడా. కానీ అప్పటికే విసిగి ఆమె అటు తిరిగి నిలబడింది. వీపు తగిలితే స్తంభమనుకుని వెళ్లిపోయాడు.

"ఏందయ్యా, ముప్పై ఏండ్ల సంసారం గిట్లనేనా," అంది అమ్మ.

ఈసారి అమ్మను పిట్టగోడకు వీపు ఆనించి నిలబెట్టాను. చెయ్యి ఇక ముందుకే ఉంటుంది. బాపును గోడ వదలకుండా నడవమన్నాను. ఇంతలో అప్పడాల గొడవ విని ఆంటీ, ఆమె భర్త పైకొచ్చారు. అంకుల్ వచ్చి గోడకు ఆనుకున్నాడు. బాపు ముందు ఆయన చెయ్యే పట్టుకుని, మణికట్టు తడిమి, "గాజుల్లేవు," అని వదిలేశాడు. ఇంకో నాలుగడుగుల్లో అమ్మ చెయ్యి దొరికింది. ఇక వదల్లేదు.

"పొర కూడా ఇంతే బాపు," అన్నాను. "పెప్టైడ్ ముందు దానికి ఆనుకుంటుంది, దాని మీదే జారుకుంటూ పోతుంది. ప్రొటీన్ కూడా సరైన వైపు తిరిగి ఉంటుంది."

బాపు చున్నీ విప్పుకుని గోడను ఒకసారి తట్టి చూశాడు. "అచ్ఛా. అంటే గోడ లగ్గం చెయ్యది. జర దగ్గరికి తెస్తది, గంతే."

ఇదంతా చూసిన ఆంటీ తమకూ కళ్లకు కట్టమంది. కట్టాను. అంకుల్ గోడ పట్టుకుని బుద్ధిగా బయలుదేరాడు. ఆమె చెయ్యి తగిలింది. గాజులు తడిమి చూశాడు. తర్వాత మెల్లగా చున్నీ విప్పుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆంటీ చాలాసేపు అలాగే చెయ్యి చాచి నిలబడింది. చివరికి అమ్మే వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది. ఇద్దరూ పోహా తింటూ మధ్యాహ్నం దాకా మగవాళ్లను తిట్టుకున్నారు.