ఉరిమిన మర్నాడు కారు అద్దాలు

మా బాబాయి పోయారని కొవ్వూరు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను నిడదవోలులో ఆఫీసు పని మీద ఉన్నాను. రాత్రి నిద్రలోనే పోయారట. ఏడుపు రాలేదు. నిజం చెప్పొద్దూ, ఇప్పటికైనా కాస్త పడుకున్నారు అనిపించింది. అంత అలిసిపోయి ఉన్నారండి ఆయన.

పిన్నికి ఏళ్ళ తరబడి ఆయాసం. వంతెన దాటి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళడం, తీసుకురావడం, ఇదే ఆయన రిటైర్మెంటు. ఎండలో నిలబెట్టిన కారులోని ఉడుకుగాలి తగిలితే చాలు, పిన్నికి ఊపిరి అందదు. అందుకే రిమోట్ తాళం ఉన్న పాత కారు ఏరికోరి కొన్నారు. అరుగు మీద నుంచి బటన్ నొక్కి పట్టుకుంటే నాలుగు అద్దాలూ దిగేవి. లోపలి వేడి పోయాక పిన్ని మెట్లు దిగేది.

ఒక వేసవిలో నేను వాళ్ళింట్లో ఉండగా ఆ అద్దాలు మొండికేశాయి. రిమోట్‌తో తలుపుల తాళాలు పడుతున్నాయి, వస్తున్నాయి, అద్దాలు మాత్రం కదలవు. ఆసుపత్రికి టైమైపోతోందని పిన్ని అలాగే ఎక్కింది. వంతెన దాకా దగ్గుతూనే ఉంది. బాబాయి మొహం చూడలేకపోయాను.

మర్నాడు రిమోట్‌లో సెల్ మార్చారు. లాభం లేదు. రిమోట్ కీయే పాడైంది, కొత్తది చేయిద్దాం అన్నాను నేను.

"తాళం దాని మాట వింటోంది కదరా. ఇంక తప్పు కీది ఎలా అవుతుంది?" అన్నారు.

కారులో కూర్చుని డోర్ల మీది స్విచ్చులు నొక్కి చూశారు. ఒక అద్దం పూర్తిగా లేచాక కూడా, ఏదో ఆలోచిస్తూ స్విచ్ వదల్లేదు. తర్వాత రిమోట్ నొక్కితే ఆ ఒక్క అద్దమే దిగింది. మిగతా మూడింటికీ అలాగే చేస్తే అన్నీ దారికొచ్చాయి.

కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికే వచ్చింది. ఈసారి పిన్నే కనిపెట్టింది. "ఉరిమిన మర్నాడే ఇలా అవుతోందండీ. మీరు వైరు తీసేస్తున్నారు కదా."

అదీ సంగతి. మా వైపు ఉరిమితే ముందు టీవీ వైరు, తర్వాత ఫోను వైరు పీకేస్తాం. మా బాబాయి గొడుగేసుకెళ్ళి కారు బ్యాటరీ వైరు కూడా విప్పేసేవారు. అలా తీసిన ప్రతిసారీ అద్దాలు రిమోట్ మాట మరిచిపోయేవి, మళ్ళీ మొదటి నుంచి నేర్పాల్సిందే.

"అయితే తీయడం మానేయండి బాబాయ్."

"పిడుగు పడి కారు పాడైతే మీ పిన్నిని ఎలా తీసుకెళ్తాను? అద్దాలదేముంది, పొద్దున్నే సరిచేసుకుంటాను."

మానలేదు. ఉరిమిన ప్రతి మర్నాడూ వైరు బిగించి, ఒక్కో తలుపు దగ్గరా స్విచ్ పట్టుకుని కూర్చునేవారు. కళ్ళు మూతలు పడిపోతుండేవి. విసుగు రాదా అని అడిగితే, "విసుక్కోడానికీ ఓపిక ఉండాలిరా" అనేవారు.

కర్మలన్నీ అయిన సాయంత్రం గట్టిగా ఉరిమింది. టీవీ వైరూ, ఫోను వైరూ నేనే పీకాను. కారు బ్యాటరీ వైరు సంగతి ఎవరికీ తట్టలేదు. మర్నాడు ఎండ మాడ్చేస్తోంది, పిన్నిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అరుగు మీద నుంచి బటన్ నొక్కి పట్టుకున్నాను. నాలుగు అద్దాలూ ఆగకుండా దిగిపోయాయి.

పిన్ని మెట్టు మీదే ఆగిపోయింది.

"నిన్న ఉరిమింది కదరా" అంది.

కారులో వేడి ఎప్పుడో పోయింది. ఆవిడ మాత్రం ఆ అద్దాల వంక చూస్తూ అక్కడే నిలబడిపోయింది.