తినిపొమ్మనే ఊళ్ళో లాంగిమైనా నడక

మా ఆడపడుచు లాంగిమైనా నేసిన చాప ముట్టుకుంటే పట్టుబట్ట అనుకుంటారు. మొగలి ఆకును నూలుపోగంత సన్నంగా చీల్చి, ఏడాది పొడుగునా కూర్చుని నేస్తుంది. మా సవాయి దీవిలో ఆ చాప లేకుండా పెళ్ళీ జరగదు, చావూ జరగదు. అలాంటి మనిషికి నర్సు ఫేతూ మొహమాటం లేకుండా చెప్పేసింది. "మీ మూడు నెలల చక్కెర సగటు పదిన్నర. కంటి వెనక పొర దెబ్బతినడం మొదలైంది. మూడు నెలల్లో దింపకపోతే చూపు దక్కదమ్మా."

మాత్రలిచ్చింది. ఫోన్‌లో ఒక యాప్ కూడా ఎక్కించింది. అది అడుగులు లెక్కపెడుతుంది, మా భాషలోనే మాట్లాడుతుంది, రోజుకు ఆరు వేల అడుగులు వేయించేదాకా వదలదు.

లాంగిమైనా మొండిఘటం. మూడు వారాలు ఒక్క సాయంత్రం మానలేదు. ఫోన్ రోజూ శభాష్ అంది. తీరా వేలు గుచ్చి చూస్తే చక్కెర ఇంకా పెరిగింది!

"ఇన్ని అడుగులు వేసి ఇదేంటి? ఏం తింటున్నారు?" అని ఫేతూ నిలదీసింది.

"ఇంట్లో ఏమీ తినడం లేదు తల్లీ."

"మరి బయట?"

అక్కడ దొరికిపోయింది. మా ఇళ్ళకు గోడలుండవు. దారిన పోయే మనిషి కనబడితే "రా, తినిపో" అనాల్సిందే, పిలిస్తే వచ్చి కూర్చోవాల్సిందే. ఈవిడేమో ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచే మనిషి. పదకొండు ఇళ్ళు! ఒకచోట కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, ఇంకోచోట పంచదార దట్టించిన కోకో. మొదటి ఇల్లు నాది, బూరెలు నావి. సిగ్గుతో చచ్చానని చెప్పాలి గానీ, నిజానికి నాకు ఒళ్ళు మండింది. ఫేతూ అవన్నీ మానమంటే మాత్రం, లాంగిమైనా నా బూరెలకు వంక పెడుతుందా!

మర్నాడు సాయంత్రం కావాలనే పిలిచాను. "ఏమే, బూరెలు వేడిగా ఉన్నాయి, రా!"

ఆగి, ఫోన్ పైకెత్తింది. "ఇంకా ఐదు వేల ఏడు వందల అడుగులు" అంది ఫోన్.

"విన్నావా వదినా? ఇది నన్ను కూర్చోనివ్వదు."

"ఓహో, ఆ డబ్బా మాట నా మాటకంటే ఎక్కువైందా?"

"నీ మాట కాదంటానా? నువ్వే నాతో రా. దీని లెక్క తీరాక నీ ఇంట్లోనే తింటా. ఇంత చేప, ఇంత ఆకుకూర, అంతే."

పిలిచిన మనిషిని దారిలో వదిలేస్తే ఊరు నవ్వదూ? గొణుక్కుంటూ లేచాను. రెండో ఇంటావిడ మమ్మల్ని పిలవగానే "ముందు నువ్వు మాతో రా" అన్నది నేనే. ఒక్కదాన్నే ఎందుకు చెమటోడ్చాలి? నెల తిరిగేసరికి పద్నాలుగు మందిమయ్యాం.

అసలు గండం ఊరిపెద్ద తౌమాలి. ఒకరోజు కోకో కప్పుతో దారికడ్డంగా నిలబడ్డాడు. ఆయన ఇచ్చింది వద్దన్నవాళ్ళు మా ఊళ్ళో లేరు.

"నా ఇంటి తిండి మీకు చేదైందా?"

లాంగిమైనా నేల మీద కూర్చుని తల వంచింది. "పెద్దయ్యా, మీ అమ్మగారు పోయినప్పుడు కప్పిన చాప నేను నేసిందే. మీకు కప్పేది కూడా నేనే నేయాలని ఉంది. దానికి ఈ కళ్ళుండాలి. కోకో తాగమంటారా, చాప నేయమంటారా?"

ఆయన కోకో మొత్తం తనే గటగటా తాగేసి, "తొందరేం లేదు, నెమ్మదిగా నెయ్యి" అన్నాడు. మా నవ్వులు సముద్రందాకా వినిపించి ఉంటాయి. ఆ తర్వాత మమ్మల్ని ఆపినవాళ్ళు లేరు.

గడువు నిండిన రోజు పద్నాలుగు మందిమీ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాం. చక్కెర సగటు ఏడు పాయింట్ ఒకటి! కంటి డాక్టరు కూడా చూసి, పొర దెబ్బ ముదరలేదు, చూపుకు ఢోకా లేదన్నాడు. లాంగిమైనా వరండాలోకి వచ్చి ఒక్క కేక పెట్టి, చేతులు తిప్పుతూ ఆడేసింది. మేమూ ఆడాం. యాభై రెండేళ్ళ మనిషి అలా ఆడుతుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఇది ఆసుపత్రా, పెళ్ళిపందిరా?" అంటూ ఫేతూ బయటికొచ్చింది. "ఎలాగూ వచ్చారుగా, వరసగా కూర్చుని వేళ్ళివ్వండి."

కొత్తగా ముగ్గురికి చక్కెర జబ్బు ఉందని తేలింది. అందులో నేనొకదాన్ని.

బల్ల మీద కూలబడ్డాను. ఇంతకాలం ఆమెను ఎన్నేసి మాటలన్నాను! లాంగిమైనా పక్కన కూర్చుని, నా ఫోన్ లాక్కుని, ఆ యాప్ ఎక్కించడం మొదలుపెట్టింది.

"భయమెందుకు వదినా? నేను జబ్బు తెలిశాక మొదలుపెట్టాను. నువ్వు తెలియకముందే రెండు నెలలు నడిచేశావు."