కాంటా ఎక్కని బిడ్డ

చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగగానే నా భుజం మీదున్న నా కొడుకు, మూడేళ్ల నరేశ్, చెవులు మూసుకుని ఏడ్చాడు. అది ఆగాక ‘నరేశ్’ అని ఎంత పిలిచినా నావైపు తిరగలేదు. సైరన్ వినబడ్డవాడికి వాడి పేరు వినబడదా? ఆరోజే నాకు అనుమానం మొదలైంది.

నేను ఎడపల్లి నుంచి బోధన్‌కు ట్రాక్టరు మీద చెరుకు తోలేవాణ్ని. ఫ్యాక్టరీ గేటులో బండ్లు తూచే కాంటా దగ్గర, లైనులో నేను కోసే గొప్పల కోతలకు పేరుంది. చెరుకు గడ ఎక్కి మబ్బు తుంచుకొచ్చానన్నా కూర్చుని వినేవాళ్లు. ఇది మాత్రం కోత కాదు.

హైదరాబాదులో హియరింగ్ టెస్టు చేశారు. చెవులు నార్మల్. "ఇది ఆటిజం. మందుతో పోదు. స్పీచ్ థెరపీ చేయించండి, ఓపిక పట్టండి" అన్నాడు డాక్టరు.

ఓపిక ఎక్కడిది? మాటలొస్తాయని మా అవ్వ వస అరగదీసి నాకించింది. చిలుక కొరికిన జామపండు తినిపించాం. చిలుక కడుపు నిండింది, మాకు పోయిందేమీ లేదు.

తర్వాత బాల్కొండ దిక్కు ఒక నాటు వైద్యుడి దగ్గరికి పోయాం.

"నరాలల్ల తీపి గడ్డ కట్టింది. పాలు, పెరుగు, అన్నం, బెల్లం అన్నీ బంద్. మాటలు అవే వస్తయి."

"ఆడు తినేదే పెరుగన్నం, బెల్లమయ్యా" అంది నా భార్య గంగామణి.

"ఆకలైతే అన్ని తింటడు. నువ్వే కరాబు చేస్తున్నవ్ తల్లీ."

తినలేదు. ఇట్లాంటి పిల్లల్లో కొందరు ఆకలితో పడిపోతారు గానీ కొత్తది నోట పెట్టరని మాకెవరు చెప్పారు? అన్నం బదులు జొన్న గటక పోస్తే ఉమ్మేశాడు. మూల కూర్చున్నవాడు లేవలేదు, అరవడం మానేశాడు. మళ్లీ తీసుకుపోతే వైద్యుడు సంబరపడ్డాడు. "సూడు, ఎంత శాంతమైండో!"

అది శాంతం కాదు, సత్తువ లేకపోవడం. రెండ్రోజులకు ఫిట్స్ వచ్చాయి. నిజామాబాద్ ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కిస్తూ డాక్టరమ్మ అడిగింది. "షుగర్ బాగా పడిపోయింది. ఇంతకుముందు వెయిట్ ఎంత ఉండె?"

బాల్కొండ పథ్యం సంగతంతా చెప్పాను, బరువు తప్ప.

"పథ్యం పెట్టినాయన తూకం కూడ చూడలేదా?"

నా బండి కాంటా ఎక్కనిదే ఒక్క చెరుకు గడ ఫ్యాక్టరీ లోపలికి పోదు. తూకంలో కొంచెం తేడా వస్తే కాంటా వేసేవాడి చొక్కా గల్లా పట్టేవాణ్ని. నా కొడుకును మాత్రం ఒక్కడూ తూచలేదు!

నరేశ్ కళ్లు తెరిచాక నేను బాల్కొండ పోయాను.

"పథ్యం తప్పిండ్రు" అన్నాడు వైద్యుడు, తమలపాకు నములుతూ.

"అన్నా, బోధన్‌ల నాకంటె పెద్ద అబద్ధాలకోరు లేడు. నా అబద్ధం విన్నోడెవడు ఆస్పత్రిల పడలే" అన్నాను. లోపలున్న జనమంతా వినేటట్టే అన్నాను. ఇద్దరు తల్లులు పిల్లలను ఎత్తుకుని లేచిపోయారు.

నరేశ్ ఇప్పుడు నా భుజం ఎత్తు దాటాడు. మాటలు రాలేదు. పెరుగన్నం, బెల్లం తింటాడు. థెరపీ టీచరు బెల్లం పక్కన చిటికెడు పప్పు పెట్టడం నేర్పింది. దాన్ని నాకడానికే ఒక ఏడాది పట్టింది, ఇప్పుడు ముద్ద తింటున్నాడు.

బిడ్డ తిండి ఆపమని ఎవరు చెప్పినా ముందు డాక్టరును అడగండి. తూకం వేయించండి, వారం వారం వేయించండి. ముల్లు దిగితే పథ్యం అక్కడే ఆపి ఆస్పత్రికి పొండి. మా వాడు కిరాణా కొట్టుకు పోతే సంచులు తూచే కాంటా ఎక్కి నిలబడతాడు. ముల్లు పైకి పోతుంటే చూసి నవ్వుతాడు. ఇది కూడా కోత కాదు.