పత్తికుప్పలో చెయ్యి

పత్తి కాలితే మొదట మంట కనపడదు. వాసన వస్తుంది, ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడినట్టు. రాయచూరు బయట యరమరస్ దారిలో నేను సూపర్‌వైజరుగా పనిచేసే మిల్లులో ఈ ఉదయం ఆ వాసన ముక్కుకు తగిలింది. కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాను. చల్లగానే ఉంది. బయట ఎవరో చెత్త కాలుస్తున్నారట. అయినా చెయ్యి వెంటనే తీయలేకపోయాను. అలా చూడడం నాకు నేర్పినవాడు ఫిట్టర్ ఈరన్న.

ఒకప్పుడు రాయచూరులో మాకూ జిన్నింగ్ ఫ్యాక్టరీ ఉండేది. పత్తి నుంచి గింజను వేరుచేసే యంత్రాలు ఆరు, గేటు మీద తాతగారి పేరు. ఆ పేరు ఇప్పటికీ తల వంచకుండానే చెబుతాను. మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది: సావుకారి ఇంటివాళ్లు యంత్రాన్ని ముట్టుకోరు. చేతికి గ్రీజు అంటితే నాయన పక్కన కూర్చుని తిననిచ్చేవాడు కాదు. ఇరవయ్యో ఏట ఆ ఆచారం నాచేత తప్పించింది ఈరన్నే. మొదటిరోజే నా మణికట్టు పట్టుకుని పత్తిలోకి తోశాడు.

"భయమైతుందా, చిన్నసావుకారీ?"

"లేదు."

"కావాలె. భయం లేనోడు జిన్నుల పనికిరాడు. లోపల యాడనన్న ఎచ్చగ తగిలితే నన్ను పిలువు. మీ నాయనను తర్వాత పిలువు."

ఈరన్న భయమంతా ఇనుము గురించే. పొలాల నుంచి వచ్చే పత్తిలో బండి మేకులు, విరిగిన కొడవలి మొనలు ఉంటాయి. అవి యంత్రానికి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. దూదిలో పడ్డ రవ్వ రెండు రోజులు లోలోపలే రగలగలదు. అందుకని ఈరన్న పాత లౌడుస్పీకర్ల అయస్కాంతాలు పీకి ఒక రేకు పెట్టె చేశాడు. దాన్ని యంత్రం నోటిదగ్గర పెట్టి, గంటలో గుప్పెడు మేకులు తీసి నా అరచేతిలో పోశాడు.

"మీ నాయనకు నువ్వు చెప్పు. నేను చెప్తే కూలోని మాట. నువ్వు చెప్తే కొడుకు మాట."

ఆఫీసు గదిలోకి వెళ్లాను. నాయన తలెత్తి, ముందు నా చేతికున్న గ్రీజు చూశాడు. "ఏంది?" అన్నాడు. మేకులున్న గుప్పిట వెనక్కి దాచుకున్నాను. "ఏం లేదు" అన్నాను. నాయన అనుమతి లేక పెట్టె గోదాములోకి పోయింది.

ఆ సీజనులోనే నాలుగో యంత్రం అంటుకుంది. పత్తి ఏరే ఆడవాళ్లను ఈరన్న ఒక్కొక్కరినే బయటికి లాగాడు. ప్రాణాలు పోలేదు గానీ ఆయన ముంజేయి కాలింది. "నీ కాపలా ఏమైందిరా?" అని నాయన అందరి ముందూ అరిచాడు. ఈరన్న నావైపు ఒక్కసారి చూశాడు. పెట్టె సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వారం తిరక్కుండానే రేకు పెట్టె చంకన పెట్టుకుని ఆదోని బస్సెక్కాడు.

అక్కడి మిల్లు ప్రతి యంత్రానికీ ఆ పెట్టె పెట్టించింది. చూడవచ్చిన మిల్లులవాళ్లు తమకూ చేయమన్నారు. ఈరన్న వర్క్‌షాపు పెట్టాడు, దాని పక్కన ఇంకో రెండు వెలిశాయి. మాకు పత్తి పోసే చంద్రబండ రైతులు తుంగభద్ర దాటి అటు పోసాగారు. నాయన రోడ్లను తిట్టాడు, ధరలను తిట్టాడు. బండ్లు ఎవరి వెంట పోతున్నాయో నాకు తెలుసు. నల్లనేల, నది, రైలు ఉంటే ఊరు అదే బాగుపడుతుందనుకున్నాం. అవన్నీ ఇక్కడే ఉన్నాయి. ఫ్యాక్టరీ మూతపడి మా గేటే లేదు.

చాలా ఏళ్లకు ఈరన్న వర్క్‌షాపుకు వెళ్లాను. కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. క్షమాపణ నా నోట రాకముందే నవ్వాడు.

"ఆ దినం నీకు భయమైంది. తప్పు కాదు. నిప్పుకు భయపడేది పోయి నాయనకు భయపడ్డవ్, గదే తప్పు."

ఇప్పుడు ఈరన్న లేడు.

ఈ మధ్యాహ్నం మా మిల్లు ఫిట్టర్ రేణుక ఒక ఇనుప కడ్డీ తెచ్చింది. కుప్పలో గుచ్చితే, లోపల వేడెక్కగానే గంట మోగుతుంది. తనే చేసింది. "ఓనరుకు చెప్పిన సార్, నవ్విండు. ఆదోనికి పోదామనుకుంటున్న" అంది. ఆ ఊరి పేరు వినగానే ఈరన్న చంకలోని రేకు పెట్టె గుర్తొచ్చింది.

మా యజమాని ఎదురుచెప్పినవాళ్లను ఉంచుకోడు. ఈ వయసులో నాకు ఇంకో పని దొరకదు. కడ్డీ తీసుకుని ఆయన గదిలోకి వెళ్లాను.

"మళ్లా అదేనా? తేడా వస్తే ఎవరిది పూచీ?"

"నాది" అన్నాను.

ఆయన చూపు నా చేతి మీదికి పోయింది. కడ్డీ గ్రీజు అరచేతినిండా అంటింది. తుడుచుకోలేదు.