జున్ను పళ్లెంలో యోగ్యతాపత్రం

లాత్వియా పల్లెలో దార్త ముప్పై ఏళ్లుగా పాడి చేస్తోంది. నియంత గద్దెనెక్కాక, పాల సహకార సంఘానికి రైతులు ఎన్నుకున్న పెద్దను తీసేసి, ఆవుకు పొదుగు ఏ వైపుంటుందో తెలియని ఔజిన్ష్‌ను కూర్చోబెట్టారు. వెన్న ఇంగ్లండుకు పోవాలంటూ అతను ఇంట్లోకి చుక్క మిగల్చకుండా పాలన్నీ పట్టుకుపోయి, దార్తకు ‘ఉత్తమ పాడిరైతు’ పత్రం ఇచ్చాడు.

నడివేసవి పండుగకు పాటగాళ్లు వాకిట్లోకి వచ్చారు. జున్ను పెట్టని ఇల్లాలిని పాటకట్టి తిట్టడం అక్కడి ఆచారం. వెంట వచ్చిన ఔజిన్ష్ అందరికన్నా గట్టిగా అందుకున్నాడు.

"పిసినారి దార్తమ్మా, జున్నేదమ్మా?"

ఆమె ఆ పత్రాన్ని పళ్లెంలో పెట్టి, కత్తితో సహా తెచ్చింది.

"కోసుకో నాయనా! మా పాలన్నీ పోస్తే పేరుకున్నది ఇదే. ముద్రున్న ముక్క నువ్వే తిను."

పాటగాళ్లు అక్కడికక్కడే పాటలోంచి దార్త పేరు తీసేసి, ఔజిన్ష్ పేరు కూర్చోబెట్టారు.

జనం అతన్ని ఎన్నుకోవడం అదే మొదలు.