ముగ్గున్న లైను

"మే, ఆ మిషన్ నోరు ముయ్యి. చెవుల్లో కొడతా ఉండాది."

"అది మిషన్ కాదప్పా. పక్కింట్లో చట్నీకి మిక్సీ వేసినారు."

"ఓ," అన్నాడు.

నేనూ మా ఆయనా కడాకు మాట్లాడుకున్నది ఇంతే. గంజి కాచను పొయ్యి కాడికి పోయినాను, తిరిగొచ్చేసరికి ఆయప్ప లేడు. మొగుడు పొయ్యేముందు పెండ్లానికి ఏదో గొప్ప మాట చెప్పి పోతాడని లోకమంతా అనుకుంటాది. దినాలకు వచ్చినోళ్ళంతా అదే అడిగినారు. ఏం చెప్పల్ల నేను? మిక్సీ అని చెప్పినాను. నవ్వినోళ్ళు నవ్వినారు, కొంగు అడ్డం పెట్టుకున్నోళ్ళు పెట్టుకున్నారు.

వాళ్ళే ఇంగో మాట కూడా అన్నారు. "కండ్లు పోయినాక పాపం, కంప్యూటర్ వింటా పొద్దుపుచ్చినాడు" అని. నాకు ఒళ్ళు మండింది. పొద్దుపుచ్చింది కాదు అది. అందుకే నా చెల్లెలి కూతుర్ని తమక ఊరి నుంచి పిలిపించి కూర్చోబెట్టినాను. నేను చెప్తా ఉండాను, ఆమె రాస్తా ఉండాది. నాది రెండో క్లాసు చదువు, అదీ సగం. బైరకూరు పక్క రాగి చేన్లల్లో పుట్టి, గని పనోళ్ళ ఇండ్ల వరసలుంటాయే, ఆ లైన్లకు కోడలుగా వచ్చినదాన్ని.

మా ఆయన గనిలో వైండింగ్ డ్రైవరు. షాఫ్టులోకి, అంటే గని బావిలోకి, మనుషుల్ని దించే కేజు ఉంటాది, లిఫ్టు మాదిరి. దాన్ని పైనుంచి నడిపేది ఈయన. కిందుండే మనుషులు కంటికి కనపడరు. వాళ్ళు గంట కొడతారు, ఇన్ని కొడితే ఎత్తు, ఇన్ని కొడితే దించు అని. ఈయన అన్నే గంటలు తిరిగి కొట్టి, సరిగ్గా విన్నానని వాళ్ళకు తెలిపి, అప్పుడే చెయ్యి కదిలించల్ల. అట్లయి ఉంటాదిలే అని కదిలించినాడంటే కింద ప్రాణాలు పోతాయి. ఆయన చేతిలో ఒక్క ప్రాణం పోలేదు. రాసుకోమ్మా ఇది, పెద్దగా రాయి.

గని మూసేసినారు. కొన్నాళ్ళు రేడియోలు రిపేరీ చేసినాడు. తర్వాత బెంగుళూరులో యాడనో ఆఫీసోళ్ళు వద్దని పారేసిన కంప్యూటరు తెచ్చినాడు. ఆ టీవీ మాదిరి పెట్టెను ఒళ్ళో పెట్టుకొనే మారికుప్పం దాకా రైల్లో కూర్చున్నాడంట, దిగేసరికి తొడలు మొద్దుబారి నడవను కాలేదు. దాన్ని నడిపేదానికి అందరూ వేసుకునేది వెయ్యలేదు. లినక్సు అని ఒకటి, కంప్యూటర్ పుస్తకంతో పాటు వచ్చిన సీడీ నుంచి వేసినాడు. "ఇది మూత తీసి చూడనిస్తాది మే. లోపల ఏది తిరుగుతా ఉండాదో, ఏది నిలిచిపోయిందో అదే చెప్తాది" అనేవాడు. లైన్లలో ఎవురికి ఇంగ్లీషు అర్జీ కావాలన్నా దాంట్లో కొట్టి ఇచ్చేవాడు. పని పోయిన మగోడు ఇంట్లో ఎట్ల ఉంటాడో చుట్టుపక్కల చానామందిని చూసినాను. ఈయన అట్ల కాలేదు, ఆ పెట్టె వల్ల.

ఇంగ అప్పుడు కండ్లు. కంట్లో ఒత్తిడి అన్నాడు డాక్టరు. చుట్టూ నుంచి చీకటి కమ్ముకొస్తాది, నడుమ సూది బెజ్జమంత మిగిలి అదీ మూసుకుంటాది, చుక్కల మందు వేస్తే కొంచెం నిదానంగా మూసుకుంటాది, అంతే అన్నాడు. బస్సులో నేను ఏడుస్తా ఉంటే ఈయన వేళ్ళు మడిచి ఏదో లెక్క వేస్తా ఉండాడు.

"ఏందప్పా లెక్క?"

"లినక్సులో రాతను నోటితో చదివే ప్రోగ్రాము ఉండాది మే, ప్యాకేజీ అంటారు. కండ్లు ఉండంగానే దాన్ని ఎక్కించల్ల. పోయినాక నా వల్ల కాదు."

అంతే. ఆ పొద్దు నుంచి మాకు అదొకటే పని. దానికి నోరు వస్తే ఈయన మనిషిగా ఉంటాడు. రాకుంటే మంచమే.

ప్యాకేజీ ఎక్కించమంటే ఆ మిషన్ ఊరికే ఎక్కించుకోదు. నాకు ఫలానాది ముందు కావల్ల అంటాది. అది తెస్తే దానికి ఇంగోటి కావల్ల అంటాది. "నీ మిషన్ మీ అమ్మ మాదిరి ఉండాది, పాలు తెస్తే చక్కెర యాడ అంటాది" అంటే పడీపడీ నవ్వేవాడు. బేజారు మాత్రం పడడు. ఏది ముందు, ఏది వెనక అని తలుపు మీద సుద్దముక్కతో చెయ్యంత అక్షరాలు రాసుకునేవాడు, చిన్నవి కనపడవు గదా. ఒకటి ఎక్కినాక దాని మీద అడ్డగీత కొట్టేవాడు. ఒకే సామాను రెండింటికి రెండు రకాలుగా కావల్సి వస్తే మొత్తం తుడిచి మళ్ళీ మొదట్నుంచి రాసేవాడు.

ఆయనతో పాటు షాఫ్టులో చేసిన ఎలక్ట్రీషియను ఒకాయన వచ్చి చూసి, "ఏమన్నా ఈ తిప్పలు? బలవంతంగా తోసెయ్యొచ్చు గదా, దానికీ ఆజ్ఞ ఉండాదంట" అన్నాడు.

"ఉండాది. తోస్తే ఎక్కుతాది కూడా. రేపు యాడ ఇరుక్కునిందో నాకెవురు చెప్తారు, నువ్వొచ్చి చెప్తావా?"

ఆయన టీ తాగి పోయినాడు.

అప్పటికి స్క్రీన్ మీద ఈయనకు అక్షరాలు పారిపోతా ఉండాయి. చదివేది నేను. ఇంగ్లీషు నాకు రాదు. కొన్ని అక్షరాల పేర్లు నేర్చుకున్నాను, మిగతావాటికి నేనే పేర్లు పెట్టుకున్నాను. కింద పడుకున్న గీత గడప. వాలి ఉండేది ఆనించిన నిచ్చెన. చుట్టుకొని ఉండేది జిలేబి. "గడప, నిచ్చెన, చుక్క" అని నేను చెప్తా ఉంటే ఆయప్ప తల ఊపుతా టకటకా కొట్టేవాడు. ఒక్కసారి కూడా నన్ను ఎగతాళి చెయ్యలేదు. పైగా ఆయనే "మే, ఇక్కడ గడపనా, అడ్డగీతనా?" అని నా మాటల్లోనే అడిగేవాడు.

ప్యాకేజీలన్నీ ఎక్కినాయి. తలుపు మీద అన్నింటికీ గీత పడింది. మిషన్ మాత్రం మూగదే. స్పీకర్లను రేడియోకు తగిలిస్తే పాడతాయి, దీనికి తగిలిస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. సౌండు కార్డు ఎట్ల పని చెయ్యాలో రాసి పెట్టే ఫైలు ఒకటి ఉంటాది. దాన్ని తెరిపించి, దాంట్లో ఆ కార్డు లైను దినమూ నాచేత చదివించేవాడు. నేను చదువుతాను. "అంతా సరిగ్గా ఉండాదే" అంటాడు. కార్డు పెరికి, తుడిచి, మళ్ళీ బిగిస్తాడు. మూడు వారాలు. ఆ మూడు వారాల్లో ఎడమ కన్ను పూర్తిగా పోయింది. అన్నం దగ్గర చెయ్యి కూర గిన్నె కోసం వెతుకుతా ఉంటే చూసినాను. గిన్నెను ఆ చేతి కిందికి జరిపినాను.

ఒకనాడు పాలవాడు పోయినాక కూర్చున్నాం. నేను లైను చదివినాను. ఆయప్ప గోడకు ఆనుకొని వేళ్ళు మడుస్తా విన్నాడు.

"నువ్వు చెప్పినవి ఇరవై ఏడు. ఇప్పుడు చదవొద్దు. ఖాళీలు వదిలేసి, వేలు పెట్టి ఊరికే లెక్కపెట్టు."

పెట్టినాను. ఇరవై ఎనిమిది వచ్చింది. మళ్ళీ పెట్టినాను. ఇరవై ఎనిమిదే.

"ఒకటి నీ నోట్లోకి రాలేదు మే. ఏది?"

"అన్నీ చెప్పినానప్పా."

"అక్షరం కానిది ఏమన్నా ఉండాదా?"

"ఏం లేదు. మొదట్లో ముగ్గుండాది, అంతే."

"ఏం ముగ్గు?"

రెండు నిలువు గీతలు, వాటి మీద రెండు అడ్డం. ఇప్పుడు ఫోన్లో సున్నా పక్కన ఉంటాది చూడండి, ఆ గుర్తు. లైను ముందర చక్కగా వేసి ఉంటే అలంకారం అనుకున్నాను. ముగ్గును ఎవురన్నా చదువుతారా? తొక్కకుండా పక్కకు పోతాం.

ఆయప్ప నవ్వినాడు చూడు, దగ్గొచ్చి నీళ్ళు తాగించాల్సి వచ్చింది.

"మిషనూ నీ మాదిరే మే! ముగ్గున్న లైను అది తొక్కదు. చదవకుండా దాటుకొని పోతాది. మనం దినమూ చదివే లైను అదింతవరకూ చూడనే లేదు."

నాకు నవ్వు రాలేదు. "మూడు వారాలు నీ కండ్లను నేనే మింగినాను" అని ఏడ్చినాను. ఏడుస్తానే తిట్టినాను కూడా, నన్నూ, ఆ పెట్టెనూ, ఆ ముగ్గు వేసిన ముండమోపిదెవురో దాన్నీ.

నా మణికట్టు పట్టుకున్నాడు. "ఊరుకో. అన్నీ చదువు అన్నానే గానీ ఏవేవి అన్నీనో నేను చెప్పలేదు. చెప్పకుండా గంట కొట్టమంటే తప్పు డ్రైవరుది. ఆ ముగ్గు నువ్వే చెరుపు."

నా వేలితోనే చెరిపించినాడు. మిషన్ ఆపి మళ్ళీ లేపినాడు. ఏదో కొట్టి, స్పీకరు నా వైపు తిప్పినాడు. జలుబు చేసిన దొర మాదిరి ముక్కుతో ఒక గొంతు వచ్చింది.

"అనమ్ టినావా?"

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టినాడు దొంగ. ఎవురో మగోడు ఇంట్లోకి వచ్చి అడిగినట్టే ఉండాది. "ఇంగా లేదు సామీ" అని చెప్పేసినాను, లేచి నిలబడి. దానికి కూడా నవ్వినాడు. నవ్వుతా ఉంటే కండ్లలో నీళ్ళు కారినాయి. మందు చుక్కలనుకున్నాను. కాదు.

రెండో కన్ను ఆ సంవత్సరమే మూసుకునింది. తర్వాత ఆయప్ప ఆ గొంతు వింటా ఎన్ని అర్జీలు కొట్టినాడో లెక్క లేదు. ఆయన కొట్టిన కాగితంలో తప్పు పట్టినోళ్ళు లేరు. కండ్లుండి కొట్టేవాళ్ళు వచ్చి ఈయన్ని సందేహాలు అడిగేవాళ్ళు. నా పని పోయిందనుకున్నాను, కొంచెం కుళ్ళుకున్నాను కూడా, దాచేదేముంది. పోలేదు. మిషన్ లేచేటప్పుడు సౌండు వచ్చేదానికి ముందర స్క్రీన్ మీద కొన్ని లైన్లు పోతాయి, అప్పుడది మూగదే. యాడన్నా నిలిచిపోతే "మే!" అని ఒక్క కేక. చేతిలో పిండి ఉన్నా అట్లే వచ్చి చదివేదాన్ని. గడపలు, నిచ్చెనలు, ముగ్గులు, అన్నీ.

ఇంత బుద్ధిమంతుణ్ణి పట్టుకొని పొద్దుపుచ్చినాడంటే నేనెట్ల ఊరుకునేది?

చాలమ్మా, చెయ్యి నొప్పి పుట్టుంటాది నీకు. ఆ మిషన్‌కు తెలుగు రాత చదవను రాదు, నాకు నీ గొలుసుకట్టు రాత రాదు. నువ్వే చదువు తల్లీ, మొదట్నుంచి, గట్టిగా. బాగలేదని నువ్వు వదిలేసిన నా తిట్లుంటే అవి కూడా రాసి, అప్పుడు చదువు.